రెండు గుర్రములు, ఒక ఉత్తరము

ఈ దినమున ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ సొత్తును ఒక పెద్దమనిషి బలవంతముగా పట్టుకున్నాడు. మీరు కోర్టుకు వెళ్ళారు. అక్కడ కూర్చున్నవారు అతని బంధువులే. పై అధికారికి అర్జీ పెట్టారు. అర్జీ అలాగే తిరిగి వచ్చింది. అప్పుడు పాస్టరయ్యగారు మీ ఇంటికి వచ్చి, "ఓర్చుకో బాబూ, దేవుడు చూసుకుంటాడు" అన్నారనుకోండి. ఆ మాట సత్యమే, కాదనలేము. కాని ఆ సమయములో ఆ మాట మీ చెవికి ఎలా వినబడుతుంది? ఆలోచించండి.

ఈ ప్రశ్న చుట్టూ తిరిగే సినిమా ఒకటి 2013లో ఫ్రాన్సు నుండి వచ్చింది. పేరు మైకేల్ కోల్హాస్. ఆర్నో దె పాలియేర్ దాని దర్శకుడు. ఆ సంవత్సరము కాన్ చలనచిత్రోత్సవములో పోటీకి నిలిచింది. డెన్మార్కు నటుడు మాడ్స్ మికెల్సన్ అందులో గుర్రాల వర్తకునిగా నటించాడు. మరుసటి సంవత్సరము ఫ్రాన్సు వారి సేజార్ బహుమతులు రెండు, సంగీతమునకు ఒకటి, శబ్దమునకు ఒకటి, దానికి దక్కాయి. అది మాటలు తక్కువ ఉన్న సినిమా. గాలి, గుర్రపు డెక్కలు, కొండల మీద మౌనము, వీటితోనే కథ నడుస్తుంది. శబ్దమునకు బహుమతి ఇచ్చారంటే ఆశ్చర్యము లేదు.

"సంఘ పత్రికలో సినిమా సంగతులు ఎందుకండీ?" అని మీలో కొందరు అడుగవచ్చు. సరైన ప్రశ్నే. ఈ కథలో మార్టిన్ లూథర్ గారు ఉన్నారు. కవి కల్పించి పెట్టినందువలన కాదు, నిజముగానే ఉన్నారు. 1842లో హేయర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుండి లూథర్ గారి పేరు మన తెలుగు సంఘములలో వినబడుతూనే ఉన్నది. విట్టెన్‌బర్గ్ గుడి తలుపు దగ్గరి లూథర్ గారిని మనము ఎరుగుదుము. వర్మ్స్ పట్టణములో చక్రవర్తి ఎదుట నిలబడిన లూథర్ గారినీ ఎరుగుదుము. అన్యాయము పొంది, కోపముతో నిప్పు పెట్టిన ఒక వ్యాపారికి ఉత్తరము రాసిన లూథర్ గారు మాత్రము మనలో చాలామందికి కొత్త.

మొదట కథ వినండి. ఈ సినిమాకు మూలము జర్మను రచయిత హైన్రిఖ్ ఫాన్ క్లైస్ట్ రాసిన నవలిక. కొంత భాగము 1808లో అచ్చయింది, పూర్తి కథ 1810లో వచ్చింది. క్లైస్ట్ ప్రష్యా దేశములో సైనిక కుటుంబములో పుట్టినవాడు. చిన్న వయసులోనే సైన్యములో చేరి, ఇమడలేక వదిలి వచ్చాడు. 1806లో నెపోలియను చేతిలో ప్రష్యా ఓడిపోయింది. మరుసటి సంవత్సరము క్లైస్ట్‌ను గూఢచారి అనుకొని ఫ్రెంచివారు కోటలో బంధించారు. బలవంతుడు బలహీనుని ఎలా తొక్కుతాడో చూచినవాడు గనుక, మూడు వందల సంవత్సరముల నాటి పాత కథ అతనికి కొత్తగా కనబడి ఉండవచ్చు.

అతని కథలో మైకేల్ కోల్హాస్ నీతిగల గుర్రాల వర్తకుడు. బిడ్డలను దేవుని భయములో పెంచేవాడు. భార్య లిస్బెత్. ఇద్దరూ అప్పుడే మొలకెత్తుతున్న లూథరన్ విశ్వాసములో ఉన్నవారు. ఒక దినము అతడు గుర్రాలను తోలుకొని సాక్సనీ దేశానికి పోతుండగా, ఒక జమీందారు కోట ముందు కొత్తగా గేటు కనబడింది. దాటాలంటే అనుమతి పత్రము కావాలన్నారు. పత్రము తెచ్చేవరకు రెండు నల్ల గుర్రాలను తాకట్టుగా ఉంచమన్నారు. సేవకుణ్ణి తోడు పెట్టి వెళ్ళాడు. పట్టణములో విచారిస్తే అటువంటి చట్టమే లేదు, అంతా కట్టుకథ. తిరిగి వచ్చేసరికి సేవకుణ్ణి కొట్టి తరిమేశారు. నిగనిగలాడే గుర్రాలు పొలము పనికి కట్టబడి ఎముకల గూడులై నిలబడి ఉన్నాయి.

"ఇవి నా గుర్రాలు కావు. నా గుర్రాలను నాకు ఇవ్వండి" అన్నాడు కోల్హాస్. గమనించండి, అతడు డబ్బు అడగలేదు. తన దగ్గర నుండి తీసుకున్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే మేపి ఇమ్మన్నాడు.

తరువాత జరిగినది మనకు తెలియని సంగతి కాదు. దావా వేశాడు, కొట్టివేశారు. జమీందారు బంధువులు దర్బారులో ఉన్నారు. తన సొంత దేశపు ప్రభువుకు అర్జీ పెట్టాడు. అక్కడి మంత్రి కూడా ఆ కుటుంబానికి చుట్టమే. అప్పుడు లిస్బెత్ "నేను వెళ్ళి ప్రభువుగారి చేతికే ఇస్తాను" అని అర్జీ పట్టుకొని బయలుదేరింది. కాపలావాడు బల్లెపు కర్రతో ఆమె రొమ్ము మీద పొడిచాడు. బండిలో ఇంటికి తెచ్చారు. మరణపడక మీద ఆమె పలుకలేక, బైబిలు తీసుకొని పేజీలు తిప్పి, శత్రువులను క్షమించమనే వచనము మీద వేలు పెట్టి భర్త వైపు చూచింది. చూస్తూనే ప్రాణము విడిచింది.

ప్రియులారా, ఆ పడక దగ్గర కోల్హాస్ స్థానములో మనలను నిలబెట్టుకొని చూద్దాము. అతడు భార్య కన్నులు మూశాడు, సమాధి చేయించాడు. ఆ జమీందారును తాను క్షమించినట్టే దేవుడు తనను క్షమించకుండును గాక అని మనసులో అనుకున్నాడు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము ప్రతి ఆదివారము పలికే మనవిని అతడు తలక్రిందులు చేశాడు. ఆ తరువాత సేవకులను కూడగట్టి కోట మీద పడి తగులబెట్టాడు. జమీందారు తప్పించుకొని పారిపోయాడు. అతణ్ణి తనకు అప్పగించమని విట్టెన్‌బర్గ్ పట్టణానికి మూడుసార్లు నిప్పు పెట్టాడు, తరువాత లైప్‌సిగ్ మీదికి వెళ్ళాడు. ప్రధానదూత మిఖాయేలు ప్రతినిధిని అని ప్రకటనలు వేయించాడు. రెండు గుర్రాల న్యాయము కోరినవాడు లోకమంతటికీ తీర్పరి అయి కూర్చున్నాడు. నన్నడిగితే అతని పతనము నిప్పు పెట్టిన రాత్రి కంటె ఆ బిరుదులోనే ఎక్కువ కనబడుతున్నది.

సినిమాలో దర్శకుడు ఈ కథను జర్మనీ నుండి ఫ్రాన్సు దక్షిణ భాగములోని సెవెన్ కొండలకు మార్చాడు. ఆ మార్పు ఊరకే చేసినది కాదు. ఆ కొండలు ఫ్రాన్సు ప్రొటెస్టెంటు విశ్వాసులకు ఆశ్రయమైన చోటు. 1702లో రాజు హింసను తట్టుకోలేక అక్కడి రైతులు తిరుగబడ్డారు. సినిమాలో అయిదుగురు బిడ్డలకు బదులు ఒక చిన్న కుమార్తె ఉంటుంది. తండ్రి చేసే ప్రతి పనినీ ఆ బిడ్డ చూస్తూ ఉంటుంది. లూథర్ గారి పేరు వినబడదు. దేవశాస్త్ర పండితుడు అని మాత్రమే ఒక పాత్ర ఉన్నది. దెని లావాన్ అనే నటుడు ఆ వేషము వేశాడు. ఆ పేరు తీసివేయడము నాకు అంతగా నచ్చలేదు. ఎందుకంటే ఈ కథకు వెన్నెముక ఆ పేరే.

ఇప్పుడు నిజముగా జరిగినదానికి వద్దాము. అసలు మనిషి పేరు హాన్స్ కోల్హాసే. బెర్లిన్‌ను ఆనుకొని స్ప్రే నది ఒడ్డున ఉన్న కోల్న్ అనే పట్టణములో వ్యాపారి. రైన్ నది మీద ఉన్న పెద్ద కొలోన్ వేరు, ఇది వేరు. 1532 అక్టోబరు 1న అతడు లైప్‌సిగ్ సంతకు వెళ్తూ డ్యూబెన్ దగ్గర వెల్లౌనె అనే పల్లెలో ఆగాడు. గ్యూంటర్ ఫాన్ సాష్‌విట్స్ అనే జమీందారు మనుషులు, "ఈ గుర్రాలు నీవి కావు, దొంగిలించి తెచ్చావు" అని రెండు గుర్రాలను పట్టుకున్నారు. సంతకు ఆలస్యముగా చేరాడు, వ్యాపారము చెడింది. తిరిగి వచ్చి గుర్రాలు నావేనని రుజువు చూపిస్తే, ఇన్నాళ్ళు మేపినందుకు మేత ఖర్చు కట్టమన్నారు! దొంగ అని నింద వేసినవాడే మేత ఖర్చు అడిగితే ఎవరికి కోపము రాదు? అతడు కట్టనన్నాడు. 1533లో విచారణ జరిగింది గాని సమాధానము కుదరలేదు. 1534లో అతడు ఆ జమీందారు మీద, సాక్సనీ దేశమంతటి మీద వైరము ప్రకటిస్తూ బహిరంగ పత్రము వేశాడు.

ఇక్కడ ఆ కాలపు చట్టము కొంచెము తెలిసికొనవలెను. పూర్వము జర్మను దేశములలో న్యాయము దొరకనివాడు శత్రువుకు ముందుగా పత్రము పంపి, ఆ తరువాత ఆయుధము పట్టడము ఒక ఆచారముగా ఉండేది. పెద్ద కుటుంబములవారు దానిని హక్కుగా వాడుకొన్నారు. ఊళ్ళు తగులబడ్డాయి, దారులు దోపిడి అయ్యాయి. అందుచేత 1495లో వర్మ్స్ సభలో దేశమంతటా శాశ్వత శాంతి ప్రకటించి, ఆ ఆచారమును నిషేధించి, ఒక ఉన్నత న్యాయస్థానము ఏర్పాటు చేశారు. కోల్హాసే గుర్రాలు పోయిన 1532లోనే చక్రవర్తి అయిదవ చార్లెసు కొత్త నేరశిక్షాస్మృతి కూడా అమలులోకి వచ్చింది. "ఇక కత్తి పట్టవద్దు, కోర్టుకు రండి" అని చట్టము చెప్పింది. మంచిదే. కాని కోర్టుకు వచ్చినవానికి కోర్టు తలుపు తెరవాలి గదా! కత్తిని విడిచిపెట్టమని అడిగిన రాజ్యము న్యాయము చేస్తానని మాట ఇచ్చినట్టే. ఆ మాట తప్పినచోట కోల్హాసే లాంటివాడు పుట్టుకొస్తాడు. ఇది అతని పాపమునకు సాకు కాదు, కారణము మాత్రమే.

1534 ఏప్రిల్‌లో విట్టెన్‌బర్గ్‌లో అగ్నిప్రమాదము జరిగితే అనుమానము అతని మీదనే పడింది. అదే సంవత్సరము డిసెంబరులో యూటర్‌బోగ్ పట్టణములో పెద్దలు కూర్చొని రాజీ కుదిర్చారు. అప్పటికి జమీందారు చనిపోయాడు, అతని వారసులు నష్టపరిహారము ఇవ్వడానికి ఒప్పుకున్నారు. కథ అక్కడ ముగిసిపోవలసినది. అయితే సాక్సనీ పాలకుడు యోహాన్ ఫ్రెడరిక్ ఆ రాజీని ఒప్పుకోలేదు, కొట్టివేశాడు. ఈ యోహాన్ ఫ్రెడరిక్ ఎవరనుకొన్నారు? లూథర్ గారికి కాపుదలగా నిలిచిన పాలకుడు. సంస్కరణకు అండ. భక్తిగల ప్రభువు అని పేరుగన్నవాడు.

ఆ దినములలోనే కోల్హాసే లూథర్ గారికి ఉత్తరము రాసి సలహా అడిగాడు. లూథర్ గారు 1534 డిసెంబరు 8న జవాబు రాశారు. ఆ జవాబు నేటివరకు నిలిచి ఉన్నది. సారాంశము మాత్రము చెప్తాను. నీకు అన్యాయము జరిగినదని లూథర్ గారు ఒప్పుకున్నారు. ఆ మాట ముందు చెప్పడము గొప్ప సంగతి. నీ ఆస్తిని, నీ పరువును కాపాడుకోవడము నీ బాధ్యతే గాని, పాపము చేసి కాదు అన్నారు. న్యాయమైనదానిని న్యాయమైన దారిలోనే వెదకమన్నారు. కీడుకు బదులు తీర్చే అధికారము దేవునిదని రోమా పత్రిక బోధను జ్ఞాపకము చేశారు. సమాధానము దొరికితే పట్టుకో, దొరకకపోతే సహించు అన్నారు. ఈ దారిలో ముందుకు పోతే ఆత్మకూ శరీరమునకూ అపాయమని హెచ్చరించారు.

ఈ సలహాలో ఒక్క వాక్యము కూడా వాక్యవిరుద్ధము కాదు. పైగా లూథర్ గారు తొమ్మిదేండ్ల క్రితమే 1525 రైతుల యుద్ధమును కన్నులారా చూచినవారు. ఆ యుద్ధములో డెబ్బై వేల నుండి లక్ష మంది వరకు చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఆనాడు ఆయన మొదట ప్రభువులను గద్దించారు, తరువాత రైతుల మీద అతి కఠినముగా రాశారు. ఆ కఠినత్వము ఆయనను ప్రేమించేవారికి నేటికీ ముల్లుగానే ఉన్నది. నిప్పు పెట్టినవాని చేతిలో ఎవరు కాలిపోతారో ఆయనకు తెలుసు. 1538లో కోల్హాసే మనుషులు మార్జానా అనే పల్లెను దోచుకున్నారు. ఒక విట్టెన్‌బర్గ్ వ్యాపారిని ఎత్తుకుపోయారు. ఆ పల్లెటూరివారు ఎవరి గుర్రాలనూ పట్టుకోలేదు! లూథర్ గారి హెచ్చరిక అక్షరాలా నిజమయింది.

అయినా నా మనసు ఒకచోట ఆగిపోతుంది. సహించుమనే ఉత్తరము గుర్రాలు పోగొట్టుకున్నవాని పేరిట ఉన్నది. రాజీని చింపివేసినవాడు రాజభవనములో ఉన్నాడు. ఇద్దరికీ దేవుని వాక్యము కావలెను గదా?

రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయములో నాబోతు ద్రాక్షతోట సంగతి చదువుతాము. తోటను అపహరించినప్పుడు దేవుడు ఏలీయాను ఎవరి దగ్గరకు పంపించాడు? నాబోతు ఇంటివారి దగ్గరకు వెళ్ళి, "సహించండి" అని చెప్పిరమ్మన్నాడా? కాదు. తోటలో షికారు చేస్తున్న అహాబు ఎదుటికి పంపించాడు. లూకా సువార్త 18వ అధ్యాయములో విధవరాలు ఉన్నది. ఆమె ఊరు తగులబెట్టలేదు. అలాగని ఇంట్లో మూల కూర్చొని ఏడ్వనూ లేదు. అన్యాయస్థుడైన న్యాయాధిపతి విసిగిపోయేవరకు అతని గడప వదలలేదు. సంఘములో మనము ఎన్నిసార్లు విధవరాలికే ఓర్పు గురించి ప్రసంగించాము? న్యాయాధిపతి ముందు వరుసలో కూర్చొని ఉంటే అతనికి ఏమి ప్రసంగించాము? పొలము గట్టు జరిపినవాడు కానుక పెట్టెలో పెద్ద నోటు వేస్తే, మన గొంతు కొంచెము మెత్తబడదా?

ఈ సంగతి క్లైస్ట్‌కు తెలిసినట్టున్నది. అతని నవలికలో లూథర్ గారు మొదట కోల్హాస్ మీద బహిరంగ పత్రము వేసి ఘోరముగా గద్దిస్తారు. ఏ సైన్యానికీ లొంగని కోల్హాస్ ఆ పత్రము చదివి ముఖము మాడ్చుకొని, మారువేషములో ఒంటరిగా ఆయన ఇంటికి వస్తాడు. రాత్రివేళ వచ్చి లూథర్ గారిని కలిశాడని పాత చరిత్రగ్రంథములలో ఒక కథ ఉన్నది, క్లైస్ట్ దానిని అందిపుచ్చుకొన్నాడు. సంభాషణ చివర కోల్హాస్ ఒకటే అడుగుతాడు: "నా ఒప్పుకోలు విని, నాకు ప్రభురాత్రి భోజనము ఇవ్వండి." లూథర్ గారు, "ప్రభువు తన శత్రువులను క్షమించాడు. నీవు ఆ జమీందారును క్షమిస్తావా?" అంటారు. అందరినీ క్షమిస్తాను, ప్రభువును, మంత్రులను, ఎవరినైనా క్షమిస్తాను, అతడు మాత్రము నా గుర్రాలను మేపి ఇవ్వాలి అంటాడు కోల్హాస్. లూథర్ గారు వీపు త్రిప్పుకొంటారు. సంస్కారము ఇవ్వరు.

కాని కథ అక్కడ ఆగదు. కోల్హాస్‌ను పంపివేసిన తరువాత అదే లూథర్ గారు కలము పట్టి సాక్సనీ ప్రభువుకు ఉత్తరము రాస్తారు. ఈ మనిషికి నిజముగా అన్యాయము జరిగింది, నీ దర్బారులోని బంధువులే అతని దావాను అణచివేశారు, ప్రజలు అతని పక్షమున ఉన్నారు, అతనికి అభయమిచ్చి దావాను మరల విచారించు అని సలహా ఇస్తారు. ఒకే రాత్రి రెండు తలుపులు! బీదవాని ఎదుట గద్దింపు, రాజు ఎదుట కూడా గద్దింపు. బల్ల దగ్గర ఒకనికి "ఇవ్వను" అని చెప్పగలిగినవాడే సింహాసనము దగ్గర వాని కొరకు మాట్లాడాడు. క్లైస్ట్ నాకు ఇష్టమైన రచయిత అని చెప్పను. అతని వాక్యములు ముళ్ళకంచెలాగా ఉంటాయంటారు, చివరిలో జోస్యము చెప్పే స్త్రీ కథ కూడా అతికినట్టు లేదు. ఈ ఒక్క ఘట్టము కొరకు మాత్రము అతని పుస్తకమును పాస్టర్ల చేతిలో పెట్టవచ్చు.

ఆ తరువాత అభయము ఇస్తారు, తప్పుతారు. చివరకు బెర్లిన్‌లో ఒకే దినమున రెండు తీర్పులు అమలవుతాయి. కోల్హాస్ కన్నుల ఎదుటికి అతని నల్ల గుర్రాలు నిగనిగలాడుతూ తేబడతాయి. జమీందారుకు రెండేండ్ల ఖైదు. దేశశాంతిని భంగపరచినందుకు కోల్హాస్‌కు శిరచ్ఛేదము. అతడు తృప్తిగా ఒప్పుకుంటాడు. మరణానికి ముందు లూథర్ గారు పంపిన బోధకుడు ఒక ఉత్తరముతో చెరసాలకు వచ్చి ప్రభురాత్రి భోజనము ఇస్తాడు. ఆ ఉత్తరము పోయినదని కథకుడు ఒక ముక్క చెప్పి ఊరుకుంటాడు.

నిజ చరిత్రలో అంత తృప్తి లేదు. హాన్స్ కోల్హాసే ఇంకా కొన్ని సంవత్సరములు అడవిదారుల వెంట తిరిగాడు. చివరికి పోట్స్‌డాం సమీపమున తన సొంత పాలకుడైన బ్రాండెన్‌బర్గ్ ప్రభువు వెండిని దోచి, వంతెన క్రింద నీటిలో దాచాడని చెప్తారు. అంతవరకు అతణ్ణి చూసీచూడనట్టు వదిలిన ప్రభువు ఇక ఊరుకోలేదు. బెర్లిన్‌లో దాగి ఉండగా పట్టుబడ్డాడు. 1540 మార్చి 22న, మట్టల ఆదివారము మరునాడు, శ్రమల వారపు సోమవారమున, అతణ్ణి బెర్లిన్ నగర ద్వారము వెలుపల బండి చక్రముతో ఎముకలు విరిచి చంపారు. బ్రాండెన్‌బర్గ్ ప్రభువు లూథరన్ పద్ధతిలో ప్రభురాత్రి భోజనము తీసుకొని అప్పటికి అయిదు నెలలు కూడా కాలేదు. కత్తితో సులువైన మరణము ఇస్తామన్నారనీ, తనతో కూడ పట్టుబడిన నాగెల్‌ష్మిట్ అనే సహచరుడు వద్దన్నందున అతనితో సమానముగా చక్రమునే కోరుకొన్నాడనీ పాత గ్రంథములలో ఉన్నది.

వెండి దాచిన ఆ చోటు నేడు బెర్లిన్ నగరములో కలిసిపోయింది. దాని పేరు కోల్హాసెన్‌బ్రూక్, అనగా కోల్హాసే వంతెన. దానికి కొద్ది మైళ్ళ దూరములోనే వాన్‌సే చెరువు ఒడ్డున క్లైస్ట్ 1811 నవంబరులో, ముప్పది నాలుగేండ్ల వయసులో, తన ప్రాణము తానే తీసుకున్నాడు. అతని సమాధి అక్కడే ఉన్నది.